వీధి దీపం వెలగాలంటే



వెలిగినంత కాలం ఎవరూ తలెత్తి చూడని వస్తువు ఒకటి ప్రతి వీధిలోనూ ఉంది. అది వీధి దీపం. ఆరిపోయిన మూడో రోజు నుంచి మాత్రం వీధంతా దాని మాటే. తమిళంలో దానిని తెరువిళక్కు అంటారు. తెరువు అన్న మాట మనకూ ఉంది, దారి అని అర్థం. బాటసారిని తెరువరి అనడం మన పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. సరిహద్దుకు ఇటు ఉన్నా, అటు ఉన్నా ఆ దీపం చేయవలసిన పని ఒకటే, దారి చూపించడం. ఆ పని అది సరిగ్గా చేయాలంటే దానిని ఎలా అమర్చాలి, అమర్చిన తరువాత ఎలా కాపాడుకోవాలి అన్నదే ఈనాటి విషయం.

బి.ఇడి. చదివేటప్పుడు మాకు మొదట నేర్పిన సూత్రం, తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లాలని. అందుకని మీలో చాలామందికి తెలిసిన చోటునే ఉదాహరణగా తీసుకుంటాను. అది చెన్నైకి ఉత్తర భాగాన, సముద్రం ఒడ్డున ఉన్న రాయపురం. నగరి, పుత్తూరు, సత్యవేడు, సూళ్లూరుపేట ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు ఆ వైపు చుట్టరికాలున్నాయి. రాయప్ప అంటే క్రైస్తవుల పేతురుగారు. ఆయన పేరిట వెలసిన చర్చి వల్లనే ఈ పేటకు రాయపురమన్న పేరు వచ్చిందంటారు. దక్షిణ భారతదేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న బయలుదేరింది ఇక్కడి స్టేషను నుంచే, వాలాజా రోడ్డుకు. సూర్యనారాయణ చెట్టి వీధి లాంటి పేర్లు వింటే మనవాళ్లు అక్కడ ఎంత పాతకాపులో తెలుస్తుంది.

రాయపురాన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వీధి దీపానికి రాగల కష్టాలన్నీ ఆ ఒక్క పేటలో దొరుకుతాయి. ఒక పక్క సముద్రపు ఉప్పు గాలి. ఒక పక్క హార్బరుకు పోయే కంటైనర్ లారీలు, వాటి దుమ్ము. కల్మండపం, పాత జైలు రోడ్డు వైపు సందడి, ఆ వెనుక మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు సందులు. కార్తీక మాసం వానలకు మోకాలి లోతు నీళ్లు. అన్నింటికీ మించి, కాశిమేడు చేపల రేవు. మన ఊళ్లలో రాత్రి పది దాటితే వీధి నిద్రపోతుంది. కాశిమేడు దారిలో వీధి మేలుకునేదే అప్పుడు. పడవలు రేవుకు చేరగానే తెల్లవారకముందే వేలం మొదలవుతుంది. తలమీద గంప, నడుముకు డబ్బుల సంచి ఉన్న ఆడవాళ్లు ఆ చీకట్లో ఆ సందుల్లోంచే నడిచి వెళ్లాలి. అక్కడ ఒక దీపం ఆరితే అది అందచందాల విషయం కాదు, వాళ్ల బతుకుతెరువు విషయం. చూశారా, ఆ మాటలోనూ తెరువు ఉంది.

కొంచెం చరిత్ర కూడా చెప్పుకుందాం. కరెంటు రాకముందు నగరాల్లో నూనె దీపాలు, కిరసనాయిలు దీపాలు ఉండేవి. సాయంత్రం నిచ్చెన భుజాన వేసుకుని ఒక మనిషి వచ్చి ఒక్కొక్కటిగా వెలిగించి పోయేవాడు. మద్రాసు హైకోర్టులో తొలి భారతీయ న్యాయమూర్తి అయిన ముత్తుస్వామి అయ్యరు చిన్నతనంలో వీధి దీపం కింద చదువుకున్నారని చెప్పుకుంటారు. మా పిల్లలకు ఈ కథ చెబితే, ఆ దీపం ఎన్ని వాట్లు సార్ అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. మద్రాసులో కరెంటు ట్రాము 1895 మే 7న నడిచింది. బెంగళూరులో 1905 ఆగస్టు 5న సిటీ మార్కెట్టు దగ్గర కరెంటు వీధి దీపాలు వెలిగాయి. శివసముద్రం జలపాతం నుంచి వచ్చిన కరెంటు అది. మద్రాసుకు చాలా కాలం కరెంటు తయారైన బేసిన్ బ్రిడ్జి పవర్ హౌసు రాయపురానికి కూతవేటు దూరమే.

దీపాల సంగతి వచ్చింది కాబట్టి ఎండెన్ మాట చెప్పకుండా ఉండలేను. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు హార్బరు దగ్గరి చమురు ట్యాంకుల మీద గుండ్ల వర్షం కురిపించింది. యుద్ధం మొదలై వారాలు గడిచినా నగరం మామూలుగానే దీపాలతో వెలుగుతోంది. శత్రువుకు గురి చూసుకోవడానికి అంతకంటే సాయం ఏం కావాలి? ఎక్కడ వెలుగు ఉండాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఉండకూడదో తెలియడం కూడా అంతే ముఖ్యమని ఆ రాత్రి మద్రాసువాళ్లకు తెలిసింది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒక వీధికి ఎంత వెలుగు కావాలి?

సాధారణంగా మనం వాట్లలో మాట్లాడతాం. మా వీధికి 40 వాట్లు వేశారు, పక్క వీధికి 90 వేశారు, వాళ్లకి పలుకుబడి ఉంది అంటాం. వాటు అనేది దీపం తినే కరెంటుకు కొలత, ఇచ్చే వెలుగుకు కాదు. తిండి ఎక్కువ తిన్నవాడే ఎక్కువ పని చేస్తాడన్న నమ్మకం లేదు కదా. దీపం మొత్తంగా ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. నేలమీద ఒక చదరపు మీటరు మీద పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. నిండు పున్నమినాడు నేలమీద పడే వెన్నెల లక్స్‌లో మూడో వంతుకు కూడా రాదు. వీధి దీపాలకు మన దేశంలో ఐ.ఎస్. 1944 అనే ప్రమాణం ఉంది. దాని లెక్క ప్రకారం వేగంగా, దట్టంగా వాహనాలు పోయే అతి ముఖ్యమైన రోడ్లకు సగటున 30 లక్స్, ఇతర ప్రధాన రోడ్లకు 15, ఓ మాదిరి రద్దీ ఉన్న రెండో తరగతి రోడ్లకు 8, రద్దీ తక్కువగా ఉన్న వీధులకు 4 లక్స్ కావాలి. అంటే మన ఇళ్లముందు వీధికి కావలసింది పున్నమి వెన్నెలకు పది పదిహేను రెట్లు. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

అయితే సగటు అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. కంబం కింద 12 లక్స్, రెండు కంబాల మధ్య సున్నా ఉన్నా సగటు బాగానే వస్తుంది. తరగతిలో ఇద్దరికి నూరు మార్కులు వచ్చి మిగతావాళ్లు తప్పినా సగటు బాగున్నట్టే ఇదీను. అందుకే ఆ ప్రమాణంలో ఇంకో షరతు పెట్టారు. వీధిలో అన్నిటికంటే చీకటిగా ఉన్న చోట కూడా, సగటులో పదింట మూడు వంతుల వెలుగైనా ఉండాలి, పెద్ద రోడ్లయితే పదింట నాలుగు వంతులు. నా దృష్టిలో మొదటి షరతు కంటే ఇదే ముఖ్యం. ఎందుకంటే మన కన్ను వెలుగుకు అలవాటు పడిన తరువాత చీకట్లోకి చూస్తే అది అసలు చీకటికంటే నల్లగా కనిపిస్తుంది. సినిమా హాలులోకి ఆలస్యంగా వెళ్లినవాడికి సీట్లు కనిపించనట్టు. దారిలో గుంట, తెరిచి ఉన్న మ్యాన్‌హోలు, పడుకున్న కుక్క, గోడవారగా నిలబడిన మనిషి, అన్నీ ఆ నల్లటి చోటే ఉంటాయి.

మరి వెలుగు సమంగా పడాలంటే ఏం చేయాలి? కంబం ఎత్తుకూ, రోడ్డు వెడల్పుకూ, కంబాల మధ్య దూరానికీ పొత్తు కుదరాలి. మోటుగా చెప్పుకోవాలంటే రోడ్డు వెడల్పు కంబం ఎత్తుకు మించకపోతే కంబాలు ఒక వైపున ఉంటే చాలు. అంతకు కొంచెం మించితే ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి వేయాలి. ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దాటితే ఎదురెదురుగా రెండు వైపులా వేయాలి. దూరం ఎత్తుకు మూడు, నాలుగు రెట్ల మధ్య ఉండాలి. 7 మీటర్ల కంబాలకు 50 మీటర్ల ఎడం పెట్టి, మధ్యలో చీకటిగా ఉందని దీపం వాట్లు పెంచితే ఏమవుతుంది? కంబం కింద కళ్లు జిగేలుమంటాయి, మధ్యలో చీకటి అలాగే ఉంటుంది. డబ్బు మాత్రం ఖర్చవుతుంది. ఇంకో కంబం కొనే డబ్బు లేక పెద్ద దీపం కొనడం మన పంచాయతీల్లో మామూలే. దానికి బదులు ఉన్న దీపాలనే చిన్నవి చేసి కంబాలు దగ్గరగా వేస్తే పని అవుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర ఉంటే రాసుకోండి. వీధి వెడల్పు 6 మీటర్లు, కంబాల ఎడం 25 మీటర్లు అనుకుందాం. ఒక్కో దీపం చూసుకోవలసిన నేల 150 చదరపు మీటర్లు. 4 లక్స్ చొప్పున నేలమీద పడవలసినది 600 ల్యూమెన్లు. కానీ దీపం ఇచ్చేదంతా రోడ్డుమీద పడదు. కొంత గోడలమీద, కొంత చెట్లమీద, కొంత ఆకాశంలోకి పోతుంది. నూటికి 40 వంతులు రోడ్డుమీద పడుతుందనుకుందాం. పైగా దుమ్ము పట్టి, పాతబడి, వెలుగు తగ్గుతుంది కాబట్టి నూటికి 70 వంతులే నిలుస్తుందని ముందే లెక్క కట్టుకోవాలి. 600ని 0.4 తోనూ 0.7 తోనూ భాగిస్తే సుమారు 2,140 ల్యూమెన్లు వస్తుంది. ఈనాటి ఎల్.ఇ.డి. దీపం వాటుకు 100 ల్యూమెన్లకు తక్కువ ఇవ్వదు. అంటే 20, 22 వాట్ల దీపం సరిపోతుంది. పాత 70 వాట్ల సోడియం దీపం చోకుతో కలిపి సుమారు 85 వాట్లు తినేది. రాత్రికి 12 గంటల చొప్పున అది ఒక యూనిట్ అయితే, ఇది పావు యూనిట్. అయినా కొన్ని చోట్ల ఇంత చిన్న సందుకు 60, 90 వాట్ల ఎల్.ఇ.డి.లు బిగించడం చూస్తున్నాం. ఎక్కువ ఉంటే మంచిదే కదా అంటారు. ఉప్పు గురించి కూడా అలాగే అంటామా?

రాయపురం లాంటి పాత పేటల్లో ఈ లెక్కలు పుస్తకంలో ఉన్నట్టు కుదరవు. సందు వెడల్పు 2 మీటర్లు, ఇళ్లు మూడంతస్తులు. అక్కడ 9 మీటర్ల కంబం పాతితే దీపం రెండో అంతస్తు పడకగదిలోకి వెలుగుతుంది. ఆ ఇంటివాళ్లు గోనెసంచి కట్టి దాన్ని మూస్తారు. కింద సందులో చీకటి. తప్పు గోనెసంచిది కాదు. అలాంటి చోట కంబం వద్దు. నాలుగైదు మీటర్ల ఎత్తున గోడకు బ్రాకెట్టు బిగించి, వెలుగు కిందికే పడేలా పైన మూత ఉన్న చిన్న దీపాలు దగ్గరదగ్గరగా పెట్టాలి. దీనికి ఇంటివాళ్ల అనుమతి కావాలి, గోడలో వైరు సురక్షితంగా పోవాలి, కాబట్టి కాంట్రాక్టరుకు ఇది తలనొప్పి. కంబం పాతడం తేలిక, బిల్లు రాయడం ఇంకా తేలిక.

చెట్ల సంగతి కూడా ఇలాంటిదే. పచ్చగా పెరిగిన చెట్టు కొమ్మల్లో దీపం ఉంటే వెలుగంతా ఆకులకే. అప్పుడు మనకు తోచేది చెట్టు నరకడం. వేసవిలో ఆ నీడకోసం దేవులాడేదీ మనమే. దీపం చేతిని, అంటే కంబం నుంచి ముందుకు వచ్చే గొట్టాన్ని, ఒక మీటరు పొడుగు చేసినా, దీపాన్ని కొమ్మల కిందికి దించినా చాలాసార్లు సరిపోతుంది.

ఇప్పుడు రంగు గురించి. పాత సోడియం దీపం పసుపుపచ్చటి వెలుగు మీకు గుర్తుండే ఉంటుంది. దాని కింద ఎర్ర చీర, గోధుమరంగు చీర ఒకలాగే కనిపించేవి. దొంగ ఏ రంగు చొక్కా వేసుకున్నాడో సాక్షి చెప్పలేకపోయేవాడు. ఎల్.ఇ.డి. వచ్చాక రంగులు బాగా తెలుస్తున్నాయి. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తరువాత, ఆ నగరం 2015లో తొంభై వేలకు పైగా వీధి దీపాలను ఎల్.ఇ.డి.కి మార్చుకుంది. దేశంలో అంత పెద్ద ఎత్తున ఆ పని చేసిన తొలి నగరాల్లో అదొకటి. చెన్నై కార్పొరేషన్ కూడా రెండున్నర లక్షలకు పైగా ఉన్న తన దీపాలను ఎల్.ఇ.డి.లోకి మార్చింది. కరెంటు ఖర్చు తగ్గింది, నిజమే. అయితే తెల్లగా, నీలంగా కొట్టే దీపాలు పెద్దవాళ్ల కళ్లకు, ముఖ్యంగా కంటిలో పొర వస్తున్నవాళ్లకు, ముల్లులా గుచ్చుతాయి. దీపం కనిపిస్తుంది కానీ దారి కనిపించదు. రంగును కెల్విన్లలో చెబుతారు. 3,000 కెల్విన్ అంటే వెచ్చని పసుపు తెలుపు, 5,700 అంటే పగటి తెలుపు. ఇళ్ల వీధులకు 3,000, 4,000 మధ్య ఉంటే చాలని నా అభిప్రాయం. 2016లో అమెరికా వైద్యుల సంఘం కూడా వీధి దీపాలు 3,000 కెల్విన్‌కు మించకుండా చూడమని సలహా ఇచ్చింది.

సముద్రతీరంలో ఇంకొకరి బాధ కూడా ఉంది. చెన్నై తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటపడి, వెలుతురుగా కనిపించే వైపు నడుస్తాయి. ప్రకృతిలో ఆ వెలుతురు సముద్రం మీదిదే. రోడ్డు దీపాలు దానికంటే ప్రకాశంగా ఉంటే అవి రోడ్డు వైపు వస్తాయి. ఆ నెలల్లో బీచి దీపాలు తగ్గించమని తాబేళ్ల సంరక్షకులు అడిగేది ఇందుకే.

అమరిక మాట అలా ఉంచి, నిర్వహణకు వద్దాం. పెళ్లి ఒక రోజు, కాపురం నూరేళ్లు అంటారు. దీపానికి ప్రారంభోత్సవం ఒక సాయంత్రం. ఆ తరువాతే దాని కాపురం.

ఎల్.ఇ.డి. 50,000 గంటలు పనిచేస్తుందని పెట్టెమీద రాసి ఉంటుంది. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి 4,380 గంటలు. లెక్కకు 11 ఏళ్లు పైబడి రావాలి. మరి రెండేళ్లకే ఎందుకు ఆరిపోతున్నాయి? ఆరేది చాలాసార్లు దీపం కాదు, దానికి కావలసిన కరెంటును మలిచి ఇచ్చే పరికరం. దాన్ని డ్రైవరు అంటారు. లారీ డ్రైవరులాగే దానికీ ఎండ, వేడి, కుదుపు పడవు. ఉరుములు, మెరుపుల వేళ ఓల్టేజి ఒక్కసారిగా ఎగదన్నితే మొదట పోయేది అదే. కొనేటప్పుడే ఓల్టేజి తాకిడి తట్టుకునే రక్షణ విడిగా ఉందా, లోపలికి దుమ్ము, నీరు చొరకుండా మూత బిగువుగా ఉందా, డ్రైవరును విడిగా మార్చుకునే వీలుందా అని అడగాలి. డ్రైవరు పోతే మొత్తం దీపమే పారేయవలసిన రకాలు చవకగా వస్తాయి. అవి ఖరీదైన చవక.

ఉప్పు గాలి ఇంకో శత్రువు. కాశిమేడు వైపు ఇనుప సామాను ఏదైనా సరే తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు. జింకు పూత పూసిన కంబాలు కొంత నిలుస్తాయి. కంబం పైన కాదు, నేలను తాకే చోట ఎక్కువగా తినేస్తుంది. వాన నీరు అక్కడ నిలుస్తుంది, చెత్త అక్కడే పోస్తారు, ఊరికుక్కలు కూడా దాన్నే ఎంచుకుంటాయి. పైకి రంగు వేసి నిగనిగలాడే కంబం లోపల డొల్లగా ఉండి, గాలివానకు ఒరిగిపోతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నైని తాకినప్పుడు చెట్లతో పాటు ఎన్ని కంబాలు నేలకూలాయో చూసినవాళ్లకు తెలుసు. కంబం చుట్టూ నేలకు జానెడు ఎత్తుగా, నీరు జారిపోయేలా ఏటవాలుగా సిమెంటు కట్టించడం పెద్ద ఖర్చు కాదు. ఏటా సుత్తితో మెల్లగా కొట్టి శబ్దం వింటే డొల్లతనం తెలుస్తుంది. మంచి కుండను ఎంచుకునే ఇల్లాలికి ఈ పరీక్ష నేర్పనక్కర్లేదు. ఇక కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్‌నెట్ వైర్లు, జెండాలు, ఫ్లెక్సీ బోర్డులు, అన్నీ ఆ కంబానికే వేలాడదీస్తారు. దీపం బరువు మోయడానికి వేసిన కంబం ఊరి బరువంతా మోస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యమైనది. చెన్నైలో చాలా భాగం కరెంటు నేల అడుగున కేబుల్లో పోతుంది. వీధి మూలన పిల్లర్ బాక్సు అనే ఇనుప పెట్టెలు ఉంటాయి. వానకాలువలకని, మంచినీటి గొట్టాలకని, ఉత్సవాల పందిళ్లకని రోడ్డు తవ్వినప్పుడల్లా ఈ కేబుల్ మీద పార పడే ప్రమాదం ఉంది. తెగకపోయినా పైతొక్క చినిగితే చాలు. ఎండాకాలమంతా ఏమీ కాదు. వాన పడి నీళ్లు నిలిచిన రోజున ఆ నీటిలోకి కరెంటు వస్తుంది. 2017 నవంబరు 1న ఉత్తర చెన్నైలోనే, కొడుంగయ్యూరులో, కరెంటు పెట్టె పక్కన వాన నీటిలో ఉన్న వైరు మీద కాలు వేసి ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. బడి ఈడు పిల్లలు. వానాకాలం మొదలయ్యే ముందు మా తరగతిలో సిలబస్ పక్కన పెట్టి ఒక గంట దీని గురించే చెబుతాను.

మీ పిల్లలకు కూడా చెప్పండి. నీళ్లు నిలిచిన చోట కంబాన్ని, ఇనుప పెట్టెను ముట్టుకోకూడదు. కంబం అడుగున చిన్న తలుపు ఉంటుంది, లోపల వైర్ల అతుకులుంటాయి. ఆ తలుపు ఊడిపోయి వైర్లు బయటికి కనిపిస్తుంటే అదే రోజు ఫిర్యాదు చేయాలి. కంబానికి ఆవును, మేకను కట్టకూడదు. బట్టలు ఆరేసే తాడు కట్టకూడదు. ఉత్సవం సీరియల్ సెట్లకు ఆ తలుపు తెరిచి కరెంటు లాగకూడదు. అమ్మవారి సేవే కావచ్చు, అనుమతి తీసుకుని మీటరు పెట్టించుకుంటే అమ్మవారు కాదనదు. ఎవరికైనా షాకు తగిలితే చేత్తో పట్టి లాగవద్దు. ముందు కరెంటు ఆపించాలి. నిర్వహించేవాళ్లు చేయవలసిన పని వేరే ఉంది. ప్రతి కంబానికీ ఎర్తు ఉండాలి, ఏటా వానలకు ముందు దాన్ని కొలవాలి. లీకైన కరెంటును పసిగట్టి తనంతట తాను ఆపేసే స్విచ్చి పెట్టెలో ఉండాలి. ఇది లేని వీధికి ఎంత మంచి దీపం వేసినా దండగే.

దీపం ఆరినప్పుడు జబ్బు ఎక్కడుందో మనం కూడా కొంత కనిపెట్టవచ్చు. వీధిలో ఒక్కటే ఆరితే ఆ దీపానికో, దాని ఫ్యూజుకో దెబ్బ. వీధి మొత్తం ఆరితే పిల్లర్ బాక్సులోనో, టైమరులోనో, ప్రధాన కేబుల్లోనో లోపం. ప్రతి మూడో దీపం ఆరి, మధ్యలోవి వెలుగుతుంటే? కరెంటు మూడు ఫేజుల్లో వస్తుంది, దీపాలను వరుసగా ఒకటో ఫేజు, రెండో ఫేజు, మూడో ఫేజు అని పంచి కలుపుతారు. అందులో ఒక ఫేజు పోయిందన్నమాట. ఫిర్యాదు చేసేటప్పుడు, మా వీధిలో లైట్లు పోయాయండీ అని కాకుండా, ఫలానా చోటి నుంచి ప్రతి మూడో దీపం వెలగడం లేదు అని చెబితే వచ్చేవాడు నిచ్చెన తేవాలో, ఫ్యూజు తేవాలో తెలుసుకుని వస్తాడు. ఒక ప్రయాణం కలిసి వస్తుంది.

పగలు దీపాలు వెలుగుతుంటే ఎవరూ ఫిర్యాదు చేయరు. 25 వాట్ల దీపాలు 40 ఉన్న వీధిలో పగలంతా వెలిగితే 12 యూనిట్లు వృథా. దీనికి కారణం చాలావరకు టైమరే. చెన్నైలో నవంబరు చివర 5 గంటల 40 నిమిషాల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది, జూలైలో 6 గంటల 40 నిమిషాల దాకా ఉంటుంది. గంట తేడా. ఒకే సమయానికి బిగించిన టైమరు కార్తీకంలో ఆలస్యంగా వెలిగిస్తుంది, ఆషాఢంలో తొందరపడుతుంది. తేదీని బట్టి సూర్యోదయ, సూర్యాస్తమయాలను తనే లెక్క కట్టుకునే టైమర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి లేని పంచాయతీల్లో నెలకొకసారి చేత్తో మారిస్తే సరి, గోడమీద పంచాంగం ఉండనే ఉంది.

ఎవరిది బాధ్యత అన్న ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితాలో వీధి దీపాలను పేరుపెట్టి చేర్చింది. కరెంటు ఇచ్చేది విద్యుత్ సంస్థ, దీపం చూసుకోవలసింది పట్టణంలో కార్పొరేషనో, మునిసిపాలిటీయో, పల్లెలో పంచాయతీ. ఈ ఇద్దరి మధ్య కేబుల్ ఎవరిది, పెట్టె ఎవరిది అన్న వాదన వచ్చినప్పుడు చీకట్లో ఉండేది మనం. అందుకని కొత్త దీపాలకు ఒప్పందం రాసుకునేటప్పుడే పంచాయతీ సభ్యులు కొన్ని విషయాలు రాయించుకోవాలి. ఆరిన దీపం ఎన్ని గంటల్లో వెలగాలి, వెలగకపోతే ఎంత తగ్గించి బిల్లు చెల్లిస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు అద్దం తుడుస్తారు, గడువు తీరిన తరువాత విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి. అద్దం తుడవడాన్ని చిన్నచూపు చూడకండి. హార్బరు రోడ్డులాంటి చోట దుమ్ము పట్టిన అద్దం వెలుగులో మంచి భాగాన్నే మింగేస్తుంది. తడిగుడ్డతో పోయేదానికి కొత్త దీపం కొంటున్నాం.

రాయపురంలో ఉన్న మీ బంధువులకు ఒక మాట చేరవేయండి. చెన్నై కార్పొరేషన్‌కు 1913 నంబరుకు ఫోను చేసి వీధి దీపం గురించి ఫిర్యాదు ఇవ్వవచ్చు. కంబం మీద నంబరు రాసి ఉంటే అది చెప్పాలి, లేకపోతే దగ్గరలోని ఇంటి తలుపు నంబరు చెప్పాలి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి. మన వైపు పల్లెల్లో కంబాలకు నంబర్లు లేని చోట వేయించడం మొదటి పని. డబ్బా రంగు, ఒక కుంచె, చక్కగా అంకెలు రాయగల ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు ఉంటే ఒక ఆదివారంలో ఊరంతా అయిపోతుంది. కంటి ఎత్తున, రోడ్డు వైపుకు రాయించండి. రాసిన నంబర్లన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించి పంచాయతీ కార్యాలయంలో ఒకటి, బడిలో ఒకటి ఉంచండి. ఏ కంబం దీపం ఏ తేదీన ఆరింది, ఏ తేదీన వెలిగింది అని అందులో రాస్తూ పోతే, ఏడాది తిరిగేసరికి ఏ కంబం మాటిమాటికీ ఆరుతోందో తెలుస్తుంది. ఇంజనీరుగారు వచ్చినప్పుడు ఆ పుస్తకం ఆయన ముందు పెట్టండి.